మహానగరం నుండి ఏజెన్సీ వరకు: డ్రోన్ల వినియోగంలో పాటించవలసిన నియమాలు

పాత్రికేయులు, అధికారుల సమాచారార్థం ప్రత్యేక వ్యాసం

జైనూర్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా: ఒకప్పుడు సైనిక అవసరాలకే పరిమితమైన పైలట్ రహిత విమానం ఈనాడు పెళ్ళి వేడుకల చిత్రీకరణ మొదలుకొని పత్తి చేలలో మందు పిచికారీ వరకు అన్ని పనులలోనూ కనిపిస్తున్నది. జాతరలు, బహిరంగ సభలు, వరద ముంపు ప్రాంతాల దృశ్యాలను ఆకాశం నుండి చిత్రించి అందించడం వార్తా సేకరణలో సర్వసాధారణమైనది. అయితే డ్రోన్‌ను ఎక్కడ, ఎంత ఎత్తున, ఎవరి అనుమతితో ఎగురవేయవచ్చుననే విషయంలో ఎగురవేసేవారికీ, అడ్డుకొనేవారికీ కూడా తరచుగా సందేహాలు కలుగుతున్నవి. అనుమతి తప్పనిసరి అయిన చోట అనుమతి లేకుండా ఎగురవేయడం ఎంత తప్పో, నియమాలు అడగని అనుమతి పత్రాన్ని అడిగి సక్రమమైన పనిని నిలిపివేయడం అంత తప్పు. ఈ నేపథ్యంలో అమలులో ఉన్న డ్రోన్ నియమాలు, హైదరాబాద్ మహానగరంలోనూ, జైనూర్ వంటి ఏజెన్సీ మండలంలోనూ అవి వర్తించే తీరు ఈ వ్యాసంలో వివరించడమైనది.

ఆరంభంలోనే గుర్తించవలసిన విషయం ఒకటి కలదు. కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన గగనతల పటంలోని రంగు ఆకాశానికి సంబంధించినది మాత్రమే. ఆ ఆకాశం కింద ఉన్న నేలకు, అక్కడి అడవికి, అక్కడి మనుషులకు సంబంధించిన చట్టాలు వేరుగా ఉన్నవి. పటంలో ఆకుపచ్చ రంగు కనిపించినంత మాత్రాన అన్ని అనుమతులు లభించినట్లు కాదు.

నియమాల పూర్వాపరాలు

2014 అక్టోబరు 7న పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అనగా డీజీసీఏ, ఒక బహిరంగ ప్రకటన ద్వారా దేశంలో డ్రోన్ల పౌర వినియోగాన్ని నిలిపివేసింది. అనంతరం 2018 ఆగస్టులో ప్రకటించిన నిబంధనలు అదే సంవత్సరం డిసెంబరు 1 నుండి అమలులోకి వచ్చినవి. 2021 మార్చి 12న పైలట్ రహిత విమాన వ్యవస్థల నియమాలు వెలువడినవి. అనుమతుల భారం ఎక్కువగా ఉన్నదన్న అభిప్రాయం పరిశ్రమ, విద్యాసంస్థల నుండి వ్యక్తమైన దరిమిలా వాటిని రద్దుపరచి, 2021 ఆగస్టు 25న డ్రోన్ నియమాలు, 2021ని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. దరఖాస్తు ఫారాల సంఖ్య 25 నుండి 5కు, రుసుముల రకాలు 72 నుండి 4కు తగ్గినవి. ఈ నియమాలకు 2022 ఫిబ్రవరి 11న, 2023 సెప్టెంబరు 27న సవరణలు జరిగినవి.

ఈ నియమాలు 1934 నాటి విమాన చట్టం కింద రూపొందినవి. ఆ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమం, 2024 గత 2025 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. కాగా, డ్రోన్ల కోసం ప్రత్యేక చట్టం తీసుకురావాలనే ఉద్దేశంతో పౌర విమానయాన మంత్రిత్వ శాఖ 2025 సెప్టెంబరులో ఒక ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది. ముసాయిదాను చట్టంగా భావించి వార్తలు రాయడం గాని, చర్యలు తీసుకోవడం గాని సరికాదు.

బరువును బట్టి వర్గీకరణ

డ్రోన్‌ను దాని ధరను బట్టి గాని, పరిమాణాన్ని బట్టి గాని కాక, మొత్తం బరువును బట్టి వర్గీకరిస్తారు. కెమెరా, బ్యాటరీ, మోసుకొనిపోయే సరుకు అన్నీ ఈ బరువులో చేరుతాయి.

250 గ్రాములు, అంతకు తక్కువ: నానో
250 గ్రాములకు మించి 2 కిలోల వరకు: మైక్రో
2 కిలోలకు మించి 25 కిలోల వరకు: స్మాల్
25 కిలోలకు మించి 150 కిలోల వరకు: మీడియం
150 కిలోలకు మించినవి: లార్జ్

500 కిలోలకు మించిన పైలట్ రహిత విమానాలకు ఈ నియమాలు వర్తించవు. విలేకరులు, ఫొటోగ్రాఫర్లు వాడే కెమెరా డ్రోన్లు అత్యధికం నానో లేదా మైక్రో వర్గంలోకి వస్తాయి. 250 గ్రాములలోపు ఉన్న డ్రోన్‌కు అదనపు పరికరం అమర్చినప్పుడు బరువు హద్దు దాటితే అది మైక్రో వర్గంలోకి మారుతుందన్న విషయాన్ని గమనించవలెను.

నమోదు, పైలట్ సర్టిఫికెట్

ప్రతి డ్రోన్‌ను నియమాలు నిర్దేశించిన డిజిటల్ స్కై ఆన్‌లైన్ వేదికపై నమోదు చేయించి, విశిష్ట గుర్తింపు సంఖ్యను పొందవలసి ఉంటుంది. మోటారు వాహనానికి రిజిస్ట్రేషన్ నంబరు ఎటువంటిదో డ్రోన్‌కు ఈ సంఖ్య అటువంటిది. నమోదు రుసుము 100 రూపాయలు. డ్రోన్‌ను అమ్మినప్పుడు గాని, బహుమతిగా ఇచ్చినప్పుడు గాని యాజమాన్య బదిలీని కూడా నమోదు చేయించవలెను. పరిశోధన, అభివృద్ధి, పరీక్షల నిమిత్తం గ్రీన్ జోన్‌లో తమ ఆధీనంలోని ప్రాంగణంలో ఎగురవేసే గుర్తింపు పొందిన సంస్థలకు మినహాయింపులు ఉన్నవి.

నమోదుకు ముందు ఆ నమూనా డ్రోన్‌కు టైప్ సర్టిఫికెట్ ఉండవలెను. దీనిని తయారీదారు లేదా దిగుమతిదారు పొందవలసి ఉంటుంది. నానో డ్రోన్లకు, ఆటవిడుపుగా ఎగురవేసే నమూనా విమానాలకు టైప్ సర్టిఫికెట్ అవసరం లేదు. విదేశాలలో తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రతా అవసరాలకు మినహాయింపు ఇచ్చింది. విడిభాగాల దిగుమతికి ఆటంకం లేదు. విదేశాల నుండి వచ్చే బంధువుల ద్వారా డ్రోన్లను తెప్పించుకొనేవారు ఈ విషయాన్ని గమనించవలసి ఉన్నది.

ఎగురవేసే వ్యక్తి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కలిగి ఉండవలెను. 18 సంవత్సరాలు నిండి 65 సంవత్సరాలు మించని వయస్సు, పదవ తరగతి ఉత్తీర్ణత, డీజీసీఏ అధీకృత శిక్షణ సంస్థలో శిక్షణ ఇందుకు అర్హతలు. సర్టిఫికెట్ 10 సంవత్సరాలు చెల్లుబాటు అవుతుంది. 2023 నాటి సవరణ అనంతరం పాస్‌పోర్టు లేనివారు ఓటరు గుర్తింపు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు వంటి ప్రభుత్వ గుర్తింపు పత్రాలతో దరఖాస్తు చేసుకోవచ్చును. గ్రామీణ యువతకు ఈ సవరణ మేలు చేసింది.

నానో డ్రోన్‌ను ఎగురవేయడానికీ, వాణిజ్యేతర ప్రయోజనాల కోసం మైక్రో డ్రోన్‌ను ఎగురవేయడానికీ ఈ సర్టిఫికెట్ అవసరం లేదు. అయితే వార్తాసంస్థ కోసం పారితోషికంపై చిత్రీకరించే వ్యక్తి తనది వాణిజ్యేతర వినియోగమని నిరూపించుకోవడం కష్టం. కావున వృత్తిరీత్యా మైక్రో డ్రోన్ వాడే విలేకరులు, వీడియోగ్రాఫర్లు సర్టిఫికెట్ పొందడమే శ్రేయస్కరం.

ఆకాశానికి మూడు రంగులు

దేశ గగనతలాన్ని గ్రీన్, ఎల్లో, రెడ్ జోన్లుగా విభజించి 2021 సెప్టెంబరు 24న కేంద్ర ప్రభుత్వం పటాన్ని విడుదల చేసింది.

గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు వరకు, అనగా 120 మీటర్ల వరకు, ఎగురవేయడానికి ముందస్తు అనుమతి అవసరం లేదు. విమానాశ్రయం ప్రహరీ నుండి 8 కిలోమీటర్లకూ 12 కిలోమీటర్లకూ మధ్య ఉన్న ప్రాంతంలో ఈ వెసులుబాటు 200 అడుగులకు, అనగా 60 మీటర్లకు, పరిమితం. ఈ ఎత్తులు దాటిన గగనతలం ఎల్లో జోన్. అక్కడ సంబంధిత ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అధికారుల అనుమతి పొందవలెను. విమానాశ్రయానికి 8 కిలోమీటర్లలోపు ప్రాంతం పటంలో ఎల్లో గాని, రెడ్ గాని అయి ఉంటుంది. రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే డ్రోన్ నేల విడవరాదు.

ఈ 400 అడుగుల హద్దుకు కారణం కలదు. సాధారణ విమానాలు, హెలికాప్టర్లు ఎక్కే, దిగే సమయాలలో తప్ప 500 అడుగులకు పైననే సంచరిస్తాయి. మధ్యనున్న అంతరం ప్రాణరక్షణ కోసం ఉద్దేశించినది. అమెరికాలోనూ 400 అడుగులు, ఐరోపా సమాఖ్య దేశాలలోనూ 120 మీటర్లే సాధారణ హద్దు. మనుషులు ప్రయాణించే విమానానికి డ్రోన్ ఎల్లప్పుడూ దారి ఇవ్వవలెను.

పటం ఒకసారి చూసి గుర్తుంచుకొంటే సరిపోదు. పైలట్ ప్రతి పర్యాయం ఎగురవేసే ముందు ఆన్‌లైన్ వేదికను పరిశీలించి, ఆ ప్రాంతానికి ఏవైనా ప్రకటనలు, ఆంక్షలు ఉన్నవేమో తెలుసుకోవడం నియమాల ప్రకారం తప్పనిసరి.

హైదరాబాద్ మహానగరంలో

హైదరాబాద్ చుట్టూ, నడుమ కూడా విమాన కార్యకలాపాల కేంద్రాలు ఉన్నవి. దక్షిణాన శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం, నగర మధ్యంలో బేగంపేట, ఉత్తరాన హకీంపేట వైమానిక స్థావరం, దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ పనిచేస్తున్నవి. వీటి చుట్టూ 12 కిలోమీటర్ల వలయాలు గీసి చూచినచో నగరంలో అధిక భాగం ఏదో ఒక వలయంలోకి వస్తుంది. కాంచన్‌బాగ్ పరిసరాలలోని రక్షణ పరిశోధన సంస్థలు, కంటోన్మెంటు ప్రాంతం వంటి భద్రతా ప్రదేశాలను కూడా దృష్టిలో ఉంచుకోవలెను.

బేగంపేట విషయంలో ఒక అపోహ ప్రచారంలో ఉన్నది. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయినందున బేగంపేట చుట్టూ ఆంక్షలు లేవని పలువురు భావిస్తున్నారు. ఇది సరికాదు. ప్రముఖుల విమానాలు, శిక్షణ విమానాలు, రక్షణ దళాల విమానాలు అక్కడి నుండి రాకపోకలు సాగిస్తూనే ఉన్నవి. హుస్సేన్ సాగర్ పరిసరాలలో నిమజ్జన దృశ్యాలు చిత్రించదలచినవారు బేగంపేట సామీప్యాన్ని మరువరాదు.

దూరాన్ని విమానాశ్రయం టెర్మినల్ భవనం నుండి కాక ప్రహరీ నుండి కొలవవలెనని నియమాలు స్పష్టం చేస్తున్నవి. రన్‌వేలతో కూడిన విశాలమైన విమానాశ్రయానికి ఈ రెండు కొలతల మధ్య కిలోమీటర్ల తేడా ఉండవచ్చును.

వీటికి తోడు స్వాతంత్ర్య దినోత్సవం, గణతంత్ర దినోత్సవం వంటి సందర్భాలలోనూ, ప్రముఖుల పర్యటనల సమయంలోనూ పోలీసు కమిషనర్లు డ్రోన్లు, పారాగ్లైడర్ల వంటి వాటిపై నిర్ణీత కాలానికి నిషేధాజ్ఞలు జారీ చేస్తుంటారు. జిల్లాల నుండి రాజధానికి వెళ్ళి చిత్రీకరణ చేసేవారు పటంతో పాటు ఈ ఉత్తర్వులను కూడా ముందుగా విచారించుకోవలెను.

ఎత్తు లెక్కలో జాగ్రత్త

డ్రోన్ తెరపై కనిపించే ఎత్తు సాధారణంగా అది బయలుదేరిన చోటు నుండి లెక్కించినది. హద్దు మాత్రం నేల నుండి. కొండ అంచున నిలబడి ఎగురవేసిన డ్రోన్ తెరపై 300 అడుగులే చూపుతున్నా, అది లోయ మీదికి వెళ్ళినప్పుడు కింది నేలకు 600 అడుగుల ఎత్తున ఉండవచ్చును. కెరమెరి ఘాట్ వంటి మలుపుల కొండదారులను, జోడేఘాట్ కొండలను చిత్రించేవారు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవలెను. నగరంలో బహుళ అంతస్తుల భవనం పైకప్పు నుండి ఎగురవేసేవారికి కూడా ఇదే వర్తిస్తుంది.

జైనూర్ ప్రాంతంలో

జైనూర్ ఐదవ షెడ్యూలులోని గిరిజన ప్రాంతానికి చెందిన మండలం. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఆదిలాబాద్ జిల్లా నుండి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో చేరింది. సమీపంలో పనిచేస్తున్న విమానాశ్రయం లేనందున హైదరాబాద్‌లోని వలయాల సమస్య ఇక్కడ లేదు. ఆదిలాబాద్ పట్టణంలో ప్రతిపాదిత విమానాశ్రయం పని ప్రారంభించిన నాడు దాని చుట్టూ కూడా ఈ వలయాలు వర్తిస్తాయి. అయితే ముందే పేర్కొన్నట్లు, ఆకాశం తెరచి ఉన్నంత మాత్రాన నేలపై హద్దులు తొలగిపోవు.

మొదటిది అడవి. జైనూర్‌కు దక్షిణాన జన్నారం తదితర ప్రాంతాలలో విస్తరించిన కవ్వాల్ అభయారణ్యాన్ని 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించడం జరిగింది. అభయారణ్యంలోకి ప్రవేశం, ఛాయాచిత్రణ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ అనుమతికి లోబడి ఉంటాయి. డ్రోన్ శబ్దానికి పక్షులు గూళ్ళు విడిచిపోవడం, జంతువులు బెదిరి పరుగెత్తడం తెలిసిన విషయమే. పులి కదలికలను చిత్రించి ఆ ప్రదేశాన్ని వెల్లడించినచో వేటగాళ్ళకు దారి చూపినట్లు అవుతుంది. డిజిటల్ స్కై పటం ఈ అనుమతికి ప్రత్యామ్నాయం కాదు.

రెండవది ఆదివాసుల ఆచార జీవితం. జైనూర్ మండలంలోని మార్లవాయి, మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్ నివసించి గోండుల జీవనాన్ని అధ్యయనం చేసిన గ్రామం. గుస్సాడీ నృత్యానికి జాతీయ ఖ్యాతి తెచ్చి 2021లో పద్మశ్రీకి ఎంపికైన కీర్తిశేషులు కనకరాజు స్వగ్రామం కూడా ఇదే. దీపావళి వేళ దండారీ బృందాలను, పుష్య అమావాస్య నాడు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో మెస్రం వంశీయులు నిర్వహించే నాగోబా జాతరను, జోడేఘాట్‌లో కుమురం భీం వర్ధంతిని చిత్రించడానికి విలేకరులు పెద్ద సంఖ్యలో తరలివస్తారు. బహిరంగ వేడుకను చిత్రించడం వేరు, వంశీయులకు మాత్రమే పరిమితమైన పూజను పైనుండి చిత్రించడం వేరు. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల విస్తరణ చట్టం, 1996 తమ సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును పరిరక్షించుకొనే సామర్థ్యం గ్రామసభకు ఉన్నదని పేర్కొన్నది. గగనతలంపై గ్రామసభకు అధికారం లేకపోయినప్పటికీ, పెద్దల సమ్మతి తీసుకొని చిత్రించడం చట్ట స్ఫూర్తికి, మర్యాదకు కూడా తగినది. ఇటువంటి ఉత్సవాలకు ప్రముఖులు హెలికాప్టర్‌లో వచ్చిన సందర్భాలలో హెలిప్యాడ్ పరిసరాలలో డ్రోన్ ఎగురవేయడం ప్రాణాంతకమని గుర్తించవలెను.

మూడవది వ్యక్తిగత గోప్యత. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పునిచ్చింది. ఇళ్ళ పెరళ్ళు, వాగుల వద్ద స్నాన ఘట్టాలు పైనుండి చిత్రించడం భారతీయ న్యాయ సంహిత కింద నేరం కాగలదు.

తాత్కాలిక రెడ్ జోన్, నిషేధాజ్ఞలు

అవసరమైనప్పుడు రాష్ట్ర ప్రభుత్వం లేదా శాంతిభద్రతల పరిరక్షణ సంస్థ తన పరిధిలోని ఒక ప్రాంతాన్ని తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చును. ఈ ప్రకటన ఒక పర్యాయం 96 గంటలకు మించరాదు. సూపరింటెండెంట్ ఆఫ్ పోలీస్ లేదా తత్సమాన హోదాకు తక్కువ కాని అధికారి దీనిని జారీ చేయవలెను. ప్రకటన డిజిటల్ స్కై వేదికపై వెలువడవలెను. ప్రాంత విస్తీర్ణం అవసరానికి మించకుండా చూడవలెను.

భారతీయ నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద జారీ అయ్యే నిషేధాజ్ఞలు ఇందుకు భిన్నమైనవి. ఇవి రెండు నెలల వరకు అమలులో ఉండవచ్చును. రాష్ట్ర ప్రభుత్వం మరో ఆరు నెలలకు మించకుండా పొడిగించవచ్చును. 2024 సెప్టెంబరు 4న జైనూర్‌లో ఉద్రిక్తత తలెత్తినప్పుడు ఈ సెక్షన్ కింద నిషేధాజ్ఞలు విధించడం, ఇంటర్‌నెట్ సేవలు నిలిపివేయడం జరిగినది. అటువంటి సమయంలో కాలిపోయిన దుకాణాల దృశ్యం, గుమికూడిన జనం దృశ్యం ప్రజలకు తెలియవలసిన వార్త కావచ్చును. అదే దృశ్యం సందర్భం తెలియకుండా ప్రచారమైతే కొత్త ఉద్రిక్తతకు కారణం కావచ్చును. అంతర్జాలం పనిచేయని చోట పైలట్ పటాన్ని సరిచూసుకొనే వీలు కూడా ఉండదు. కావున ఆంక్షల పరిధిని, గడువును స్పష్టంగా, లిఖితపూర్వకంగా, స్థానికులకు అర్థమయ్యే భాషలో వెల్లడించడం అధికారుల బాధ్యత. ఉత్తర్వులో ఏమున్నదో తెలుసుకొన్న తరువాతనే పరికరాన్ని బయటకు తీయడం విలేకరుల బాధ్యత.

అధికారులు గమనించవలసినవి

2018 నాటి నిబంధనలలో ఎగురవేతకు ముందు స్థానిక పోలీసులకు తెలియజేయవలెనన్న షరతు ఉండేది. 2021 నియమాలలో గ్రీన్ జోన్‌కు సంబంధించి అటువంటి షరతు లేదు. ఆంక్షలు లేని గ్రీన్ జోన్‌లో, నమోదైన డ్రోన్‌ను, అర్హుడైన పైలట్ 400 అడుగులలోపు ఎగురవేస్తున్నప్పుడు ప్రత్యేక అనుమతి పత్రం చూపలేదన్న కారణంతో అడ్డుకోవడానికి ఈ నియమాలలో ఆధారం లేదు. తనిఖీ చేయవలసినవి గుర్తింపు సంఖ్య, పైలట్ సర్టిఫికెట్, బీమా, ఆ రోజు ఆ ప్రాంతంపై ఉన్న ఆంక్షలు.

నానో మినహా ఇతర డ్రోన్లకు తృతీయ పక్ష బీమా ఉండవలెను. మోటారు వాహనాల చట్టం, 1988లోని బీమా నిబంధనలు ఇందుకు వర్తిస్తాయి. ప్రమాదం జరిగినచో 48 గంటలలోపు పైలట్ ఆ విషయాన్ని డీజీసీఏకు ఆన్‌లైన్ ద్వారా నివేదించవలెను. ఆయుధాలు, పేలుడు పదార్థాలు రవాణా చేయడం నిషిద్ధం. డ్రోన్ నియమాల ఉల్లంఘనకు గరిష్ఠ జరిమానా ఒక లక్ష రూపాయలు. ఇతర చట్టాల కింద తీసుకొనే చర్యలకు ఈ పరిమితి వర్తించదు.

ప్రభుత్వ శాఖలు తాము డ్రోన్ సేవలు పొందే సందర్భాలలోనూ ఇవే పత్రాలను పరిశీలించవలెను. వికారాబాద్‌లో 2021 సెప్టెంబరు 11న ప్రారంభమైన ‘మెడిసిన్ ఫ్రమ్ ది స్కై’ ప్రాజెక్టు ద్వారా పైలట్ కంటిచూపు పరిధికి ఆవల మందులు, టీకాలు చేరవేసే ప్రయోగాలు జరిగినవి. అది కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ప్రత్యేక షరతులతో కూడిన మినహాయింపు మేరకు జరిగిన కార్యక్రమం. వాగులు పొంగి రాకపోకలు నిలిచిపోయే ఏజెన్సీ గూడేలకు ఇటువంటి సేవ ఎంతో ఉపయుక్తం కాగలదు. అయినప్పటికీ, సదుద్దేశమే అనుమతి కాజాలదన్నది వికారాబాద్ ఉదాహరణ తెలియజేస్తున్నది.

వ్యవసాయంలో మందు పిచికారీ చేసే డ్రోన్లు కెమెరా డ్రోన్ల కన్నా ఎన్నో రెట్లు బరువైనవి కావున వాటిని నడిపేవారికి పైలట్ సర్టిఫికెట్ తప్పనిసరి. పురుగుమందుల పిచికారీకి కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో ప్రత్యేక కార్యవిధానాన్ని కూడా ప్రకటించింది. పత్తి సాగు అధికంగా ఉన్న ఈ ప్రాంతంలో స్వయం సహాయక సంఘాల మహిళలు, రైతులు ఈ పనిని చేపట్టే ముందు ఆ విధానాన్ని వ్యవసాయాధికారుల ద్వారా తెలుసుకోవలెను.

ఎగురవేయడానికి ముందు సరిచూసుకోవలసిన క్రమం

1. డ్రోన్ మొత్తం బరువు, అది ఏ వర్గంలోకి వచ్చునది.
2. గుర్తింపు సంఖ్య, అవసరమైన చోట పైలట్ సర్టిఫికెట్, బీమా.
3. ఆ రోజున పటంలో ఆ ప్రదేశం రంగు, విమానాశ్రయం ప్రహరీ నుండి దూరం.
4. తాత్కాలిక రెడ్ జోన్ గాని, పోలీసు నిషేధాజ్ఞలు గాని అమలులో ఉన్నవా అన్న విషయం.
5. కింది నేల ఎవరిది: అభయారణ్యమా, రక్షణ స్థలమా, నివాస గృహాలా, ఆచార స్థలమా అన్న విషయం.
6. డ్రోన్ సంచరించే ప్రాంతమంతటా నేల నుండి దాని ఎత్తు.

ఇందులో మొదటి నాలుగు అంశాలకు సమాధానం పత్రాలలో, ఆన్‌లైన్ వేదికపై, ఉత్తర్వులలో లభిస్తుంది. చివరి రెండింటికి సమాధానం ఆ ప్రదేశానికి వెళ్ళి, అక్కడివారిని అడిగి తెలుసుకోవలసినదే. నియమాలు కాలానుగుణంగా సవరణలకు లోబడి ఉంటాయి కావున వాడుకదారులు, అధికారులు పౌర విమానయాన మంత్రిత్వ శాఖ, డీజీసీఏ ప్రకటనలను ఎప్పటికప్పుడు పరిశీలించుకోవలసినదిగా తెలియజేయడమైనది.